వృథా అనే గడి

చీమకుర్తి నుంచి రామతీర్థం పోయే దారిలో
పాలిషింగు షెడ్ల వెనకమాల నా బుధవారం.
నీలం ఐసు పెట్టె, ఒక బల్ల,
ఆయా మస్తానమ్మ పరిచే చిరుగుల పట్టా,
రాతిపొడి పడి ఎప్పుడూ తెల్లగుండే వేపచెట్టు.

తొమ్మిదికల్లా వరస కట్టేవాళ్ళు
మాల్దా ఆడవాళ్ళు, గంజాం ఆడవాళ్ళు.
"దీదీ, జొర్ ఆష్‌బే?" అనేది రొకేయా.
జ్వరమొస్తదా అని.
వస్తదమ్మీ, ఒక్క రాత్రే, తడిగుడ్డ వెయ్యి అని
నేను తెలుగులోనే చెప్పేదాన్ని.
ఎట్లా అర్థమయ్యేదో, అర్థమయ్యేది.

ఈ బుధవారం పట్టా మీద కుక్క పడుకుంది.
మస్తానమ్మ దాన్ని తోలలేదు.

సోమవారం రాత్రి రెండింటికి జీపులొచ్చాయంట.
షెడ్ల రేకుల మీద లాఠీలతో కొట్టారంట.
కాగితాలు, కాగితాలు, కాగితాలు.
నువ్వు యాడ పుట్టినావు, మీ అబ్బ యాడ పుట్టాడు,
నదికి అవతలా, ఇవతలా?
పదకొండు మందిని ఒంగోలు తీసకపోయి
తొమ్మిది మందిని తిరిగి పంపారు,
మన దేశమోళ్ళేనని.
ఆ తొమ్మిది మందీ తెల్లారకముందే
గిన్నెలు మూటగట్టి రైలెక్కారు.
మనోళ్ళేనని తేలాక కూడా
ఉండబుద్ధి కాలేదు వాళ్ళకి.

నాసిరుల్‌కి ఇంకా నాలుగు నెలల మందులున్నాయి.
టీబీ మాత్ర ఒక్కరోజు కూడా మానొద్దని
అతని చేత ఒట్టేయించుకున్నదాన్ని.
ఏ రైలుపెట్టెలో దగ్గుతున్నాడో.
అంగన్‌వాడీలో ముప్పై గుడ్లు మిగిలాయి.
మస్తానమ్మ రోజూ లెక్కపెడతా ఉంది
లెక్కపెడితే తగ్గుతాయన్నట్టు.

ఇంకోటి చెప్పాలి.
పోయిన నెల ఒక కానిస్టేబులొచ్చాడు, మంచోడే.
"ఊరికే మేడం, ఎంతమంది ఉన్నారో చూద్దామని"
నా రిజిస్టరు ఫోటో తీసుకున్నాడు.
షెడ్డు నంబరు, తల్లి పేరు, సొంతూరు,
పాలు తాగే పిల్లలున్నారా లేదా.
ఫ్యాను గాలికి పేజీ లేస్తా ఉంటే
వేలితో అదిమి పట్టుకుంది నేనే.

శనివారం మాపటేళ
తుక్కురాళ్ళ గుట్ట వెనక నించి వచ్చింది రొకేయా,
చెప్పులు చేతిలో, పిల్ల కొంగు కింద.
దీదీ అనలేదు.
నా మొహం కాదు, నా పెన్ను చూసింది.
పెన్ను తీసి మస్తానమ్మకిచ్చాను.
సూది దిగంగానే పిల్ల నోరు తెరిచింది.
తల్లి దాని మీద అరచెయ్యి మూసింది.
ఇరవై రెండేళ్ళ సర్వీసులో
ఏడుపు వినపడని టీకా అదొక్కటే.

నెలాఖరున సూపర్‌వైజరమ్మ లెక్క చూసింది.
"వచ్చిన పిల్లలు సున్నా.
సీసాలో ఒక డోసు తక్కువుంది. ఏమయింది ఎస్తేరూ?"

పేరు రాయని పిల్లకి రిజిస్టరులో చోటు లేదు.
చివర, వృథా అని ఒక గడి ఉంది.
ఫ్యాను ఆపి
అందులో ఒకటి వేశాను.