నారకి నూనె

మా నాన్న ఏ సరదాలో ఉన్నాడో గానీ
నీలవేణి అని పెట్టాడు నాకు పేరు.
నెల్లిమర్ల జూట్ మిల్లులో పద్నాలుగేళ్లయ్యాక
హాజరు పిలిచే మేస్త్రీ ఆ పేరు చదివి
నా తలవంక చూసి
ఒక్క క్షణం ఆగుతాడు.

ఆగడా మరి.
షిఫ్టు దిగి ముడి విప్పితే
ఏది నా జుట్టో ఏది జనపనారో
దువ్వెనకే తెలీదు.
దానికీ మూడు పళ్లు లేవు పాపం,
నమల్లేక వదిలేస్తుంది.

మొదట్లో రెండ్రూపాయల ప్యాకెట్లు కొన్నాను,
బడ్డీకొట్లో దండలా వేలాడేవి.
ఒకటి చాలదు. రెండూ చాలవు.
నాలుగు చింపిన రోజు
కూరలో వంకాయలు తగ్గాయి.
రాత్రికి మెత్తన, తెల్లారేసరికి మళ్లీ పీచు.

విజయనగరంలో గంటస్తంభం దగ్గర
అద్దాల పార్లరు మెట్లెక్కానొకసారి.
చేతులకి తొడుగులేసుకున్న పిల్ల
నా కొసలు రెండు వేళ్లతో పట్టుకుని
"చాలా డ్యామేజీ అక్కా,
పదిహేను వందలు, నాలుగు సిట్టింగులు" అంది.
డ్యామేజీ అంటే నాకు తెలుసు,
చిరిగిన గోనెకి జీతంలో కోసేది.
చల్లటి మంచినీళ్లు తాగి దిగొచ్చేశాను.

"బోరునీళ్లేనే నీ పగోళ్లు,
బిందెడుగున తెల్లగా పేరుకున్నాది సూళ్లేదేటి?"
అంది గవరమ్మ.
ఇద్దరం చంపావతి ఇసకలో చెలమ తీసి
చెంబుతో తోడుకున్నాం.
చాన్నాళ్లకి నా తలమీద నురగ నిలిచింది.

ఇంకోనాడు తరవాణి తేట పోసుకుంటుంటే
మా అత్త గుమ్మంలోనే కూలబడింది.
"తాగీ తరవాణి తలకి పోసుకుంతావేటే,
నీ జుట్టుకేటి ఆకలేసినాదా?"
వేసినట్టే ఉందత్తా, అన్నాను.

నా పని మెత్తన చేసే మిషను దగ్గర.
గట్టి నారకట్టలు రోలర్ల మధ్య నలిగి
నూనే నీళ్లూ కలిసిన పాలలాంటిది తాగి
గోనెపట్టాల కింద రెండ్రోజులు పడుకుంటాయి.
ముందే ఎవరైనా కదిపితే
"మాగనీ!" అని అరుస్తాడు మేస్త్రీ.
పద్నాలుగేళ్లుగా వింటున్న మాట
ఒక గురువారం రాత్రి షిఫ్టులో
నా నెత్తికెక్కింది.

ఆదివారం మందారాకు నలిపాను.
జిగురు వేళ్లమధ్య సాగింది.
చెంచాడు ఆముదం, గోరువెచ్చని నీళ్లు,
చెయ్యి లాగేదాకా గిలక్కొట్టి
తలంతా పట్టించి
వేణ్ణీళ్లలో పిండిన పాత లుంగీ చుట్టుకున్నాను.
"అయిందా అమ్మా?" అని మా చిన్నది
నాలుగుసార్లు వచ్చింది.
మాగనీ, అన్నాను.
ఆముదం మూడ్రూపాయలు.
మందారకొమ్మ పోస్టాఫీసు గోడమీంచి బయటికి వాలింది,
ఎవర్నీ అడగలేదు.

నాలుగు ఆదివారాలకి దువ్వెన
నడుందాకా దిగింది.
అయిదో ఆదివారం గేటుకి కాగితం అంటించారు.
లాకౌట్.

అరవై మూడు రోజులు.
నుసి లేదు, ధూళి లేదు.
మా లైన్లో ఆడవాళ్ల జుట్లన్నీ
వాటంతటవే నిగనిగలాడాయి.
యూనియన్ టెంటు కింద ఒకరి జడ ఒకరం అల్లుకుంటూ
ఇంత చవక వైద్యం ఇంకెక్కడ దొరుకుద్దే అని
కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వుకున్నాం.
మూడోవారానికి ఆ నవ్వు పలచబడింది.
సీసాలో ఆముదం అడుగంటింది.
తరవాణి తేట కూడా మిగలకుండా తాగేశాం.
అత్త ఏమీ అనలేదు,
తన గిన్నెలోది సగం నా గిన్నెలోకి వంచింది.

గేటు తెరిచిన పొద్దున్న
మేస్త్రీ "నీలవేణి" అని పిలిచి
తల ఎత్తి చూసి
ఆగకుండా తర్వాతి పేరుకి వెళ్లిపోయాడు.

సాయంత్రానికి కనురెప్పల మీద కూడా నారే.
బయటికొస్తుంటే గవరమ్మ
కొంగుముడి కొంచెం విప్పి చూపించింది,
లోపల వాడిన మందారాకులు.

ఆదివారానికి ఇంకా నాలుగు రోజులుంది.