తిప్ప మీద ఉప్పు

కణుజు పడ్డది గాని
పడవ పోయింది.
తెల్లారితే గాని రానన్నడు పున్నం.
ఆశ్వయుజం ఉక్క. ఆకు కదలదు.
ప్రాణహిత నడుమ ఇసుక తిప్ప మీద
మేం నలుగురం, చచ్చిన కణుజు.
ఇటు సిరొంచ దీపాలు, అటు ఆంధ్ర చీకటి.
తిప్ప ఎవరిదో ఏ పటేలూ తేల్చలేదు.

"ఉప్పేదిరా?" అన్నడు బొందాలు మామ.
ఎవరం పలకలేదు.
తూటాలు తెచ్చినం, కత్తులు తెచ్చినం,
పొగాకు సుత మరువలేదు.
ఉత్త చేతులతోని తిరిగొస్తమనుకున్నోళ్ళకు
ఉప్పు ఎందుకు యాదికొస్తది?

మామ తిట్టలేదు.
కత్తి లుంగీకి తుడుచుకున్నడు.
"దీని ఒంట్ల ఇప్పుడు ఇంకో మెకం లేస్తది.
కంటికి కనపడదు. మనకంటె ఆకలిది.
తూటాకు చావదు.
వేడి తియ్యాలె, తడి తియ్యాలె, జల్ది తియ్యాలె."

పొట్ట చీరిండు. పేగు తెగకుండ
పిట్టగూట్ల గుడ్డు తీసినట్టు తీసిండు.
తోలు ఊడదీస్తే చీకట్ల ఆవిరి లేచింది,
ఎవరో పక్కనుంచి లేచిపోయినట్టు.
నేను చెంబెడు ఏటినీళ్ళు ముంచుకొస్తె
చేతిమీద ఒక్కటిచ్చిండు.
"నీళ్ళు తాగనీకిరా. తగిలితే జిగట పడ్తది."
రెల్లు పీకి తుడిచినం.
తెల్లపూలు నెత్తురుకంటుకొని
వయసు మెకం కాస్తా
గడియల ముసలిదయ్యింది.

తొడ దగ్గర ఆగిండు.
"ఇగో, ఎముకనంటుకొని. చెడుడు ఈడికెల్లే మొదలు.
పైన ఎర్రగనే ఉంటది."
ఎముక దాక కోసి గాలికి తెరిచిండు.
ఆ గాలేమో లేకపాయె.

బానయ్య గోచి బిగించి ఏట్ల దిగిండు.
గంటన్నరకు వచ్చిండు, నెత్తిమీద గిన్నె,
గిన్నెల పెంటక్క ఇచ్చిన రెండు సేర్ల గల్లుప్పు.
నడి ఏట్ల సుడి ఒక్కసారి ముంచింది.
సగం ఉప్పు ప్రాణహిత తిన్నది.
"దానికీ పాలు పోవాలె గద"
అన్నడు, పండ్లు టకటక కొట్టుకుంట.

ఉన్న ఉప్పును మామ
పసిపిల్లకు నూనె రాసినట్టు రాసిండు,
సన్నగ చీరిన ఒక్కొక్క తునకకు.
చాలలేదు. ఇగ పొగే దిక్కు.
పొగ లేస్తే ఇటు గార్డు చూస్తడు, అటు గార్డు చూస్తడు.
ఇసుకల మోకాలు లోతు గుంత తీసి
వరద కొట్టుకొచ్చిన మద్దిచెక్క ముట్టించి
పైన తలండి చిన్ను తన దుప్పటి కప్పిండు.
పెండ్లిల పెట్టిన దుప్పటి.
మూడేండ్లు అది కణుజు వాసనే కొట్టింది,
మూడేండ్లు రాజుబాయి తిట్టింది.

నాకు పదకొండేండ్లు. నా పని ఈగలు.
మొదటి ఈగ ఎండకంటె ముందొచ్చింది,
నడి ఏట్లకు దానికెవరు చెప్పిండ్రో.
"ఒక్కటి వాలి గుడ్డు పెట్టిందా, అయిపాయె" అన్నడు మామ.
రెల్లుకంకి ఊపిన, ఊపిన,
చెయ్యి నాది కాకుండ పోయిందాక ఊపిన.

పున్నం వచ్చి ముక్కుతోని లెక్క చూసి
కాలేజం తీసుకొని పడవెక్కించిండు.
ఊర్ల పెంటక్క పొయ్యి మీది తీగకు
పిడికెడు తునకలు కట్టింది, అంతే.
"దాచనీకి ఉప్పున్నదా నీ తాన?
పంచుండ్రి" అన్నది.
పొద్దు నెత్తిమీదికి రాకముందే
ముప్పై ఇండ్ల పొయ్యిలు వాసనొచ్చినయి.

ఇప్పుడు వేట లేదు. మామ లేడు.
నేను ఆరోగ్య కేంద్రంల టీకాల ఫ్రిజ్‌కు కాపలా.
రెండు నుంచి ఎనిమిది డిగ్రీలు,
పొద్దుమాపు మరాఠీల రాసి సంతకం పెడ్త.
కరెంటు పోయిన రాత్రి
తలుపు తియ్యను, తియ్యనియ్యను.
మంచుడబ్బాల పక్కన కూసుంట.
చెయ్యి దానంతటదే లేచి
లేని ఈగలను తోలుతది.

"కాయ్ ఝాలా, దాదా?" అడుగుతది నర్సు.
ఏం లేదు తల్లీ,
ఇంట్ల ఉప్పు ఉన్నదో లేదో అని.