టాకా

ఫియట్టు, డెబ్బైనాలుగు మాడల్.
ముప్పై రెండు వేలకు కొన్న.
కాంటా మీద పెట్టినా అంత రాదని
పైసలు లెక్కపెట్టుకుంటనే నవ్విండు అమ్మినాయన.
నయీంనగర్ నాలా పొంగిన రాత్రి
సీట్ల దాకా బురదనీళ్లు తాగిన బండి.
పైకి మాత్రం పెండ్లికొడుకు తీరు తెల్లగ.

మండిబజార్ల నలభై ఏండ్లు డెంటింగ్ చేసిన
చాంద్‌పాష మామకు చూపు మందగించింది.
మడిచిన వేలి కణుపుతోని
డోరు పొడుగూతా కొట్టుకుంట పోతడు,
పుచ్చకాయ బేరమాడినట్టు.
టంగ్. టంగ్. టంగ్.
దబ్.
"ఈడ ఇనుము లేదు బిడ్డా. లప్పమే."
స్క్రూడ్రైవర్ ఆనిస్తే
అప్పడంల దిగినట్టు దిగింది.

నేను తుప్పు అంట, ఆయన జంగు అంటడు.
జంగంటే తుప్పో, లడాయో
మొదటి వారం అర్థం కాలే.
రెండో వారం నుంచి అడుగుడు మానేసిన.

నాకు ఇనుము తెల్వదు. గుడ్డ తెలుసు.
పగలు జాకిట్లు, పొద్దుగూకినంక బండి.
కుళ్లినంత మేర కోసి పారేసి
మిగిలిన బొందకు పాత క్యాలెండర్ అట్ట ఆనిచ్చి
సుద్దముక్కతో గీసిన.
అలవాటున అంగుళం కుట్టుబట్ట వదిలితే
"రేకు లావైతదా ఏంది, పావు చాలు" అన్నడు మామ.
చంక వంపు తిప్పినట్టే చక్రం మీది వంపు తిప్పిన.
ఎడమ పక్క కొలత కుడి పక్కకు సరిపోలే.
ఎవ్వరికి సరిపోతది?
ఇరవై ఏండ్ల సంది టేపు మెడల ఏసుకున్నదాన్ని,
నాకు కొత్తనా.

గ్యాసు మంట నీలంగ సన్నబడ్డది.
"ఏకధాటిగ పోకు, రేకు వంకరపోతది.
ఈడొక టాకా. జానెడు ఇడిసిపెట్టు.
ఆడొక టాకా. తడిబట్ట అద్దు. మల్ల నడుమల."
టాకా!
నా మిషన్ కాడి మాటే ఆయన మంట కాడ.
కచ్చాకుట్టు పడ్డంక గుడ్డ సర్దుకున్నట్టు
రేకు జెరసేపు అలిగి,
కూసున్నది.

పక్కింటి రాజేశ్వరి గోడ మీంచి తొంగిచూసి
"గా డబ్బాకు గంత తిప్పలెందుకక్కా" అన్నది.
ఒక్క జాకిటు మూడుసార్లు ఇప్పించి కుట్టిచ్చుకున్న మనిషి.
నేనేమనలే.

డిక్కీ మూతకు నీళ్లకాగితం రుద్దుతుంటె
తెలుపు కింద లేత నీలం,
నీలం కింద ఎర్రగ ఏదో గీత.
మూడు దినాలకు బయటపడ్డది: ఎల్.
ఎంతమంది కాళ్లు వణికినయో ఈ క్లచ్చు మీద,
కాజీపేట బ్రిడ్జి ఎక్కుడుల బండి ఆగి
ఎన్ని హారన్లు ఎనుకనుంచి తిట్టినయో.

గుమ్మం ఇప్పితే లోపల ఇంకో ముచ్చట.
డాల్డా డబ్బా రేకు, రివిట్లతోని బిగించి ఉన్నది,
పచ్చ చెట్టు బొమ్మ సగం అట్లనే.
వెల్డింగుకు పైసల్లేనోడెవడో,
చేతుల మాత్రం పని నిండుగ ఉన్నోడు.
"పీకాల్నా మామా?"
తడిమిండు. రెండుసార్లు కొట్టిండు. చెవి ఆనిచ్చిండు.
"నీకన్నా నాకన్నా మంచిగ పట్టిండు. ఉండనీ."
రెడాక్సైడ్ పూసి మూసినం.
చెట్టు లోపల్నే ఉన్నది.

నిన్న రాత్రి వాన.
టార్చి పట్టుకొని పోయి బండ్లె కూసున్న.
కుడి పక్క పొడి. ఎనుక పొడి.
ఎడమ డోరు మూలకెల్లి
ఒక చుక్క ఆగి, ఆగి,
నా మోకాలు మీద పడ్డది.
కొద్దిసేపటికి ఇంకోటి.
గుర్తు పెడదామని సుద్దముక్క తీస్తే
తడి మీద గీత పడలే.
జాగ మర్చిపోకుండ
వేలు ఆడనే ఆనిచ్చి కూసున్న.