రెండున్నర బాక్సులు

తొందర పలమనేరు టమోటాకి గానీ
నాకేం తొందర?
నాగపూరు పోవాల్సిన బండి
రాత్రి శంషాబాదు కాడ నిలబడిపోయింది.
డ్రైవరు గోవిందస్వామికి చలిజ్వరం.
నేను బస్సులో పోతే పన్నెండు గంటలు,
ఆలోగా అడుగు బాక్సుల్లో కాయ మెత్తబడతాది.
"ఇమానం ఎక్కరా చెంగల్రాయా" అన్నాడు ఓనరు.
కిలో ఎనభై పలికే రోజులు మరి.
టికెట్టు ఐదు వేలు.
అంటే నేను రెండున్నర బాక్సులు.

రేణిగుంట ఏర్‌పోర్టు గోడ పక్కన
ఇరవై రెండేండ్లు బండి తోలినా,
లోపల ఇంత చల్లగుంటాదని తెలీదు.
తనిఖీ కాడ జేబులో స్పానరు దొరికింది.
"ఇదెందుకు తెచ్చినారు" అనింది ఆ పాప.
ఏం చెప్పేది?
నోట్లో పండ్లెందుకంటే ఏం చెప్తాం?
ట్రేలో వదిలేసినా.
పన్నెండు-పదమూడుది. పిడి నా బొటనవేలికి అరిగింది.

కిటికీ సీటు.
పక్కన ఒక పిల్లోడు, కొత్త గుండు,
నెత్తిన గంధం ఇంకా ఆరలేదు.
"దూరం నాలుగువందల ఇరవై కిలోమీటర్లు,
గంటా పది నిమిషాల్లో దిగుతాం" అన్నారు మైకులో.
నాకు నవ్వొచ్చింది.
నా మీటర్లో అది ఐదువందల యాబై.
మిగతా నూట ముప్పై ఎవురు మింగినారు?

కిందికి చూసినా.
కోడూరు అరటితోటలు పచ్చ గుడ్డ మడతలు.
బాలుపల్లి చెక్‌పోస్టు యాడుందో కనబడలేదు,
ఎర్రచందనం కోసం టార్పాలిను విప్పించి
తెల్లారిందాకా నిలబెట్టినారే ఒకసారి, అది.
పెన్న, గోటితో గీసిన గీత.
ఆళ్లగడ్డ దాటినాక వానలో
ఒంటిగా టైరు మార్చిన చోటొకటుండాల,
గ్రీజు చెయ్యి రాయికి తుడిచినా,
మూడేండ్లు ఆ మరక పోలేదు.
వచ్చిన ప్రతిసారీ లైటేసి చూసుకునేవాణ్ణి.
ఇప్పుడు దాని మీద మబ్బు.
మబ్బుకు మైలురాయి ఉండదు.

నీళ్ల బాటిలు మూత తిప్పేలోగా
చెవులు పట్టేసినాయి, దిగుతా ఉండామంట.
గోవిందస్వామికి కర్నూలు కాడ మొదలైన జ్వరం
నాకంటే నిదానంగా వచ్చింది ఈ ఊరికి.

బండి కాడికి పోయినా.
క్యాబిన్లో దుప్పటి కప్పుకోని పడుకోనుండాడు,
కండ్లతోనే "వచ్చినావా" అన్నాడు.
బాక్సుల సందులోంచి పులుపు వాసన,
ఇంకా పర్వాలేదు, సాయంత్రందాకా ఓర్చుకుంటాది.
సీట్లో కూచుంటానే చెయ్యి
బెల్టు కోసం వెతికింది, సిగ్గేసింది.

తాళం తిప్పినా. టిక్కుమనింది అంతే.
బ్యాటరీ టర్మినలు వదులు.
చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది.

"స్పానరు యాడన్నా?" అన్నాడు క్లీనరు మస్తాను.
"రేణిగుంటలో."
"ఎంత దూరం?"

ఏ లెక్క చెప్పాల్నో తెలీక
బానెట్టు ఎత్తి, వేళ్లతోనే బిగిస్తా ఉండా.