మోగని బిళ్ళ

సండర్లాండ్‌లో వాన. మూడింటికే దీపాలు.
ముసలి థర్ల్‌వెల్ పాత కళ్ళజోడుని
బల్ల మీద పెట్టాడు, పిట్టను దించినట్టు.
"గాజే వెయ్యి. ముప్పై ఏళ్ళు
కొలిమి ముందు గాజు ఊదినవాణ్ణి.
ప్లాస్టిక్‌లోంచి లోకాన్ని చూడను."

మైనస్ ఏడు. అదీ ఒక్క కంటికే.
రెండోది కొలిమే తీసుకుంది.

చెప్పాను: గాజు మీద గీత పడదు, నిజమే,
బరువుకి ముక్కు మీద గుంటలు పడతాయి.
హై ఇండెక్స్ పల్చన, తేలిక,
దెబ్బ తగిలితే మాత్రం నమ్మలేం.
ఉన్నది ఒక్క కన్ను,
పాలీకార్బొనేట్ వేద్దాం, ఓ పట్టాన పగలదు.
అంచుల్లో కాస్త రంగులు చీలుతాయి.
అదీ చెప్పాను, దాచలేదు.

నమూనా బిళ్ళని చెవి దగ్గర పెట్టుకుని
గోటితో మీటాడు.
టప్.
"మోగదే!"

అందుకోబోతే నా చెయ్యి బల్లకి తగిలి గల్లుమంది.
తల ఎత్తాడు.
"అది గాజేనా?"
"గాజులే. మా భాషలో రెంటికీ ఒకటే మాట."
"పగలవూ?"
"పగులుతాయి. మళ్ళీ వేసుకుంటాం."

చాలాసేపు వాన చూశాడు,
ఆ ఒక్క కంటితోనే.
తర్వాత ఫారం నా వైపు తోసి,
"గీతలు పడకుండా ఏదో పూత వేస్తారటగా,
దానికి వేరే డబ్బులా?"