పావు

ఎండాడ ఎగువ ఎక్కుతూ ఎక్కుతూ
రెండుసార్లు దగ్గి ఆగిపోయింది బండి.
ముల్లు మాత్రం పావు దగ్గర
సంబంధం మాట్లాడ్డానికొచ్చిన పెద్దమనిషిలా
కదలకుండా కూర్చుంది.
"పావు ట్యాంకుందిగా" అంది కుసుమాంబ.
"ఉంది" అన్నాను.
వెనక లారీవాడు హారన్ కొట్టాడు.

ఇరవై రెండేళ్ళ ఎస్టీమ్ నాది.
సింహాచలం ఘాట్‌లో ఆయాసపడుతోందని
పోయిన నెల పాత పంపు పీకించి
లావుపాటి కొత్తది వేయించాను.
ఎక్కడం బాగా ఎక్కుతోంది, కాదనను.
కానీ ఆ రోజు నుంచీ ముల్లుకి
పావుకి కింద ఒక లోకముందని తెలీదు.

నా మోకాలి సంగతి తెలిసి
తనే నడిచింది బంకు దాకా, రెండు లీటర్ల నీళ్ళసీసాతో.
సీసాలో పొయ్యనన్నాడట వాడు.
ఏం చెప్పిందో, పోయించుకొచ్చింది.
ఏం చెప్పావని ఇప్పటికీ అడగలేదు.

గాజువాక ఆటోనగర్, సూరప్పడి షెడ్డు.
"గేజీ సచ్చిపోనాదనుకోకండి బావూ
ముందు దాన్నే అడుగుదాం."
ట్యాంకు నుంచొచ్చే పసుపు వైరు ఊడదీసి
బాడీకి ఆనించాడు.
ముల్లు మెల్లగా లేచి నిండుకి పోయింది.
వదిలాడు. సున్నాలో పడింది.
"ఇది సెప్పింది సెప్పినట్టు సెప్తంది.
తప్పు సెప్పేవోడు లోపలున్నాడు."

వెనక సీటెత్తి మూత విప్పగానే
వీధంతా పెట్రోలు వాసన.
ఎర్నాయుడు పరిగెత్తి
అరుగు మీది బీడీలన్నీ ఆర్పించాడు.
బయటికొచ్చింది కొంకి తీగ,
దాని కొసన నల్లటి తేలుడు బెండు.
మీటరు పెట్టి చేత్తో దించుతున్నాడు సూరప్పడు:
నాలుగు ఓములు, ఇరవై, నలభై, డెబ్భై,
డెబ్భై,
డెబ్భై.
నూట పదికి పోవాల్సింది.

ఆగిన చోట కొత్త పంపు భుజం.
"బలమైనోణ్ణి తెచ్చి పక్కన నిలబెట్టినాం.
ఈడు ఆడి భుజమ్మీద సెయ్యేసుకుని
ఇంకా పెట్రోలుందనుకుంటన్నాడు."
ఎర్నాయుడు పకపకా నవ్వాడు.
పోర్టు స్టోర్సులో ముప్పై ఏళ్ళు
నిల్వలు రాసిన చెయ్యి నాది.
ఎవరి భుజమ్మీద ఆనించి ఏ అంకెలు వేసిందో
రెండు మూడు గుర్తొచ్చాయి.
నాకు నవ్వు రాలేదు.

పటకారుతో వేలెడు వంపు.
దించితే నూట ఎనిమిది.
"ఆ రెండూ దేవుడికొగ్గేయండి."

తర్వాత క్యానుతో రెండేసి లీటర్లు పోస్తూ వాడు,
సిగరెట్టుపెట్టె అట్ట మీద పెన్సిల్ గీతలు పెడుతూ నేను.
ఇంటికొచ్చాక మళ్ళీ గొడవే.
మా మర్రిపాలెం సందులో
బండి మూతి ఎగువకి పెడితే ఒక లెక్క, దిగువకి పెడితే ఇంకోటి.
ఫోన్ చేస్తే సూరప్పడు విసుక్కున్నాడు:
"కొండల్లో ఊరు కట్టుకుని ముల్లునంటే ఎలాగ?
సదరంగా ఉన్నకాడ సూడండి.
సవుద్రం ఒడ్డుకెల్లండి, అదొక్కటే సదరం."

తెల్లారకముందే బీచిరోడ్డు.
ఇంజను ఆపి, తాళం ఒక మెట్టు తిప్పి
ఊపిరి బిగబట్టి చూశాం ఇద్దరం.
వణికి, ఆగి, పావుకి వెంట్రుకవాసి కింద నిలబడింది.
అట్ట మీద: తొమ్మిది లీటర్లు.

దూరంగా లంగరేసిన ఓడలు.
సరుకు నిండినదాన్ని నీళ్ళు నడుం దాకా మింగేశాయి.
దించేసి ఖాళీ అయినది మాత్రం
ఎర్రటి పొట్ట చూపిస్తూ ఎత్తుగా తేలుతోంది.
"వాటికి ముల్లు అక్కర్లేదు" అన్నాను.
తను అటు చూడలేదు.
"తొమ్మిదంటే భీమిలి వెళ్ళి రావచ్చా?"
"వెళ్ళి రావచ్చు."

వెనక సీటు కింద
ఆ నీళ్ళసీసా దొర్లుతూనే ఉంది మలుపుల్లో.
తను తియ్యలేదు.
నేనూ తియ్యమనలేదు.