బొమ్మిడాయి

రామాయపట్నం మిషన్ బంగళా వెనక
వంటింటి గోడ మీద మేకుతో గీసిన గీతలు.
ఎడమ వరస మా నాయన ఏసురత్నానిది,
పైకంటా పోయింది.
కుడి వరస
పదేళ్ల ఎత్తు దగ్గర ఆగింది.

చర్చిలో రాతిపలక మీద వారెన్ హెల్‌స్ట్రామ్ అని ఉంటుంది.
మా వాడలో ఎవరికీ నోరు తిరగలేదు,
వారన్న అన్నారు.
పలికాడు.

దొరసాని జ్వరంతో మంచం పట్టిన ఆర్నెల్లు
మా అవ్వ సంతోషమ్మ
ఇద్దరికీ చెరో రొమ్ము ఇచ్చిందంట.
ఎవడు ఎక్కువ కొరికేవాడో కూడా చెప్పేది.

మన్నేరు ఎండి మడుగులు పట్టినప్పుడు
బురదలో చేతులు పెట్టి
బొమ్మిడాయిల కోసం దేవులాడేవాళ్లు.
వారన్నకు చిక్కేది, జారేది.
చిక్కేది, జారేది.
అవ్వ పొయ్యిలోంచి పిడికెడు బూడిద తెచ్చి
వాడి అరచేతులకు రుద్దింది:
"ఇప్పుడు పట్టు అబ్బయా.
బూడిద చేతిలోంచి ఏదీ జారదు."

పదేళ్లకు కొడైకెనాల్ బడి,
పదహారేళ్లకు మద్రాసులో ఓడ.
వాళ్లది మంచు పడే ఊరంట.
ఉప్పుచేప వాసన అక్కడెవరికీ పడదంట.
తనకు భాదగా ఉందని రాశాడు,
ఒత్తు తప్పు చోట పెట్టి,
అచ్చం మన పిల్లల మాదిరే.

నలభై నాలుగులో ఇంగ్లండు నుంచి
దొరకొచ్చిన జాబులో
సెన్సారు వాళ్లు కత్తిరించిన కిటికీలు.
అవ్వకని అడుగున రాసిన తెలుగు ముక్క మటుకు
ఏ భాషో తెలీక, సగం కోసి
సగం వదిలేశారు.

"అమ్మా, నా విమానానికి నాలుగు ఇంజన్లు.
పదిమందిమి ఉంటాము.
ముక్కు మీద పెద్ద అక్షరాలతో బొమ్మిడాయి అని రాసినాను.
అర్థమేమని వీళ్లు అడిగినారు.
చేతికి చిక్కని చేప అని చెప్పినాను.
అందరూ సంతోషించినారు."

"అంత పెద్దది ఏం మోస్తదిరా?"
"బాంబులు" అన్నాడు మా నాయన.
అవ్వ చేటలో బియ్యం ఏరడం ఆపింది.
రెండేళ్ల కిందటే,
జపానోడు వస్తండాడని ఊరూరూ తీరం వదిలి
బండ్లు కట్టినప్పుడు,
తాటితోపులో గుంట తవ్వుకుని
మూడు రాత్రులు ఆకాశం కేసి చూసిన మనిషి.
"ఎవురి మీద ఏస్తండాడంట?"
నాయన జాబు వెతికాడు.
ఆ చోట కిటికీ ఉంది.

ఆగస్టు ఆఖర్న కావలి నుంచి తంతి.
దొర హాల్లోకి పోలేదు,
దొరసాని గదిలోకి పోలేదు.
వంటింటి వాకిట్లోకొచ్చి టోపీ తీసి
ముందు అవ్వకు చెప్పాడు, తెలుగులో.
పాతికేళ్లు ఈ భాషలో ప్రసంగాలు చేసిన మనిషికి
రెండే మాటలు దొరికాయి:
"మనవాడు పడిపోయినాడు."

అవ్వ లేచి నిలబడింది.
"యాడ పడినాడు దొరా?
కాలిరిగిందా?"

ఎప్పటికో తెలిసింది మిగతాది.
రెక్క అంటుకున్నాక
ఏడుగురు దూకేదాకా విమానాన్ని వాలనీకుండా
కూర్చున్నాడంట.
జర్మనీలో ఎవరిదో దుంపల చేలో పడిందంట.
బతికినవాడొకడు రాశాడు:
అతని చేతులు చుక్కాని వదల్లేదని.
అంతకు గంట ముందు
వీళ్లు బాంబులు కుమ్మరించిన ఊరి పేరు
అతను రాయలేదు.
అక్కడ ఎందరు పడ్డారో,
వాళ్ల కబురు ఎవరు ఏ వంటింటికి మోశారో
రాయలేదు.

ఆనాటి నుంచి అవ్వ బొమ్మిడాయి ముట్టలేదని చెబితే
వినడానికి బాగుంటుంది.
ముట్టింది. మామిడికాయ ముక్కలేసి
పులుసు పెట్టేది. మాకు పెట్టి తనూ తినేది.
బతికున్నవాటిని రుద్దేటప్పుడు మాత్రం
బూడిద తీసుకునేది కాదు.
ఉత్త చేతుల్తోనే పట్టేది.

జారిపోయేది చేప,
గిన్నెలోంచి అరుగు మీదికి,
అరుగు మీంచి చెంబు పక్కకి.
మేం పట్టబోతే వారించేది.

"పో అబ్బయా" అనేది దానితో,
"పో."